నిలబెట్టిన బండి ఖర్చు

మా చోడవరంలో కార్లు తిరిగేదానికంటే నిలబడేదే ఎక్కువ. ఊరు చిన్నది. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి నడిచే వెళ్తాం. కూరగాయలకు స్కూటరు చాలు. అనకాపల్లికి బస్సులున్నాయి, ఆటోలున్నాయి. కారు బయటికి తీసేది ఏ పెళ్ళికో, విశాఖలో ఆసుపత్రికో, పిల్లలు అమెరికా నుంచి దిగినప్పుడు విమానాశ్రయానికో. మిగతా రోజులన్నీ అది అరుగు పక్కన కవరు కప్పుకుని నిలబడే ఉంటుంది. చాలా ఇళ్ళలో దాన్ని కొన్నది కొడుకు, తుడిచేది తండ్రి. నడిపేది మాత్రం అవసరానికి పిలిచే డ్రైవరు.

ఇలా నిలబడే కార్లను పట్టి పీడించే జబ్బు ఒకటుంది. తాళం తిప్పగానే స్టీరింగు వెనక 'లో బ్యాటరీ' అని హెచ్చరిక వెలుగుతుంది. బ్యాటరీ విప్పి ఛార్జింగు పెట్టిస్తే పోతుంది. వారం, పది రోజులకు మళ్ళీ వస్తుంది. విసుగెత్తి కొత్త బ్యాటరీ వేయిస్తే కొన్నాళ్ళు ఊరుకుంటుంది, ఆ తరవాత అదీ అదే మాట అంటుంది. అప్పటికి యజమాని ఒక నిశ్చయానికి వచ్చేస్తాడు: ఈ కంపెనీ బ్యాటరీలు మంచివి కావు, ఈసారి ఇంకో కంపెనీది వేయించాలి.

మా వీధిలో రిటైరైన లెక్కల మేస్టారి కారుది సరిగ్గా ఇదే కథ. దాని నంబరు ఇంకా ఏపీ 31తోనే మొదలవుతుంది. మేము విశాఖ జిల్లాలో ఉన్నప్పటి బండి అన్నమాట. 2022 ఏప్రిల్‌లో చోడవరాన్ని అనకాపల్లి జిల్లాలో కలిపారు కానీ కార్ల నంబర్లకు, మా నోళ్ళకు ఆ సంగతి ఇంకా పూర్తిగా ఎక్కలేదు. మేస్టారు ఆ కారుకు బ్యాటరీ మార్పించారు. ఏడాది తిరక్కుండా మళ్ళీ మార్పించారు. హెచ్చరిక మాత్రం మారలేదు.

దీంట్లో బ్యాటరీ కొట్టువాడు మోసం చేశాడని అనడానికి లేదు. అతను మీటరు పెట్టి చూపించాడు. మీటరు బ్యాటరీ పోయిందనే చెప్పింది, అది నిజమే. తిరకాసు అక్కడే ఉంది. కారు బ్యాటరీ అంటే వరసగా కలిపిన ఆరు సెల్లులు, ఒక్కోటి రెండు వోల్టులకు కొంచెం పైన. నిండుగా ఉన్నప్పుడు, కొన్ని గంటలు కదపకుండా ఉంచి కొలిస్తే, 12.6 వోల్టులు చూపించాలి. 12.2 అంటే సగం. 12 కంటే దిగిందంటే దాదాపు ఖాళీ. ఖాళీ అయినప్పుడు లోపలి పలకల మీద సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. వెంటనే ఛార్జింగు పెడితే కరుగుతుంది. రోజుల తరబడి అలా వదిలేస్తే గట్టిపడి ఇక కరగనంటుంది. అంటే ఎవరో దాన్ని పదే పదే ఖాళీ చేస్తుంటే, ఏ దోషమూ లేని కొత్త బ్యాటరీ కూడా నిజంగానే చెడిపోతుంది. మీటరు చూపించేది దెబ్బ ఎంత తగిలిందో. ఎవరు కొట్టారో చెప్పడం దాని పని కాదు. మనం మాత్రం దెబ్బలు తిన్నవాణ్ణే నేరస్థుడని తీసి బయట పడేస్తాం.

పాత జీపుల్లో ఈ హెచ్చరికలు ఉండేవి కావు. వాటి మీటరు బోర్డులో ఆంపియర్ల ముల్లు ఉండేది. కుడివైపు వాలితే బ్యాటరీకి కరెంటు చేరుతున్నట్టు, ఎడమకు వాలితే పోతున్నట్టు. డ్రైవరు ముల్లును చూసి లెక్క వేసుకునేవాడు. తరవాత ముల్లు పోయి ఎర్ర దీపం వచ్చింది. అమెరికాలో అప్పటి డ్రైవర్లు ఈ దీపాలను 'ఇడియట్ లైట్లు' అని తిట్టుకున్నారు. ఆ తిట్టు దీపానికి తగలాలో చూసేవాడికి తగలాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ ఎర్ర దీపం మీద బ్యాటరీ బొమ్మ ఉంటుంది కానీ అది బ్యాటరీ సంగతి చెప్పేది కాదు. పాత పద్ధతిలో దాని అమరిక ఎంతో సొగసైనది. దీపానికి ఒక కొస బ్యాటరీకి, రెండో కొస ఇంజను పక్కన తిరిగే ఆల్టర్నేటరుకు కలిపి ఉంటుంది. తాళం తిప్పాక ఇంజను ఇంకా అందుకోనప్పుడు బ్యాటరీ వైపు ఒత్తిడి ఎక్కువ కాబట్టి కరెంటు దీపంలోంచి పారుతుంది, దీపం వెలుగుతుంది. ఇంజను అందుకుని ఆల్టర్నేటరు కరెంటు పుట్టించడం మొదలెట్టగానే రెండు కొసలూ సమానమవుతాయి. అటుదిటు పారేది ఉండదు, దీపం ఆరిపోతుంది. రెండింటి మధ్య తేడా వచ్చిందని మాత్రమే దానికి తెలుసు. బొమ్మ బ్యాటరీది కదా అని మనం బ్యాటరీ కొట్టుకు పరిగెడతాం. దారిలో బండి నడుస్తుండగా అది వెలిగితే చూడాల్సింది ఆల్టర్నేటరును, దాన్ని తిప్పే బెల్టును, రెగ్యులేటరును. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ కొసల దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల దాకా కనిపించాలి. పెట్రోలు ఆదా కోసం ఆల్టర్నేటరును అప్పుడప్పుడు తగ్గించే కొత్త కార్లలో ఇంతకంటే తక్కువ కనబడినా కంగారు పడనక్కరలేదు.

మేస్టారి కారులో బండి నడుస్తుండగా ఆ ఎర్ర దీపం ఎప్పుడూ వెలగలేదు. అక్షరాల్లో హెచ్చరిక మాత్రమే వచ్చేది, అదీ వారం, పది రోజులు నిలబడ్డాక. ఈ చిన్న తేడా గురించి అంతవరకు ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్ళంతా 'ఏం వచ్చింది' అని అడిగారే కానీ 'ఎప్పుడు వచ్చింది' అని అడగలేదు.

అడిగినవాడు మా ఆటో ఎలక్ట్రీషియను. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందు ట్రాక్టర్లు, వెనక విప్పేసిన సెల్ఫు మోటార్లు. నేనూ మేస్టారూ వెళ్ళి "ఈసారి ఏ కంపెనీ బ్యాటరీ వేద్దాం" అని అడిగితే, చెయ్యి తుడుచుకుంటూ, "ఏటి మేస్టారూ, మళ్ళీ బేటరీయేనా? దానిదేటి తప్పండి పాపం. రాత్రేల ఎవుడో తాగెత్తన్నాడు. ఆణ్ణి పట్టుకోవాల గానీ" అన్నాడు.

అయితే అతను తాగేవాణ్ణి వెతకడానికి ముందు ఇంకొకటి చూశాడు. మీటరు ఒక తీగ బ్యాటరీ మైనసు బుడిపె మీద, రెండోది ఇంజను ఇనుము మీద ఆనించి, నన్ను స్టార్ట్ చెయ్యమన్నాడు. ఆ రెండూ ఒకటే అయ్యుండాలి కాబట్టి మీటరు దాదాపు సున్నా చూపించాలి. సెల్ఫు తిరిగే క్షణంలో 0.2 వోల్టు దాకా ఫరవాలేదు. మాకు అర వోల్టు దాటింది. వంగి చూస్తే ఇంజను నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ నట్టు కింద ఆకుపచ్చగా, పొడిగా చిలుము పట్టి ఉంది. నట్టు వేళ్ళతో తిప్పినా తిరిగింది. దీనికి కారణం మాకు కొత్తేమీ కాదు. భీమిలి నుంచి చోడవరం మీదుగా నర్సీపట్నం పోయే బీఎన్ రోడ్డు మీద కొన్నాళ్ళు తిరిగితే మనుషుల నట్లే వదులవుతాయి. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే రోజుల్లో ఆ గోతుల్లో ట్రాక్టర్ల వెనక కార్లు ఎలా ఊగుతూ వెళ్ళేవో చూసినవాళ్ళకు ఎర్త్ పట్టీ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ కుదుపు బ్యాటరీ లోపలి పలకలకూ మంచిది కాదు. పైగా మా ఎండ. చలిదేశాల్లో బ్యాటరీ చలికాలం పొద్దున మొరాయిస్తుంది కాబట్టి అక్కడివాళ్ళు చలిని తిడతారు. నిజానికి దాని ఆయుష్షు తినేది వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఆ పని తెలిసినవాళ్ళ మోటు లెక్క.

పట్టీ గీకి, బిగించి, గ్రీజు రాశాడు. సెల్ఫు చురుగ్గా తిరిగింది. మేస్టారు లేచి కండువా సర్దుకున్నారు. "కూకోండి మేస్టారూ, ఇది ఆడు కాదు" అన్నాడతను.

నాకు ఆ మాట నచ్చింది. ఒక తప్పు దొరగ్గానే వెతకడం ఆపేయడం మనందరి అలవాటు. దొరికింది నిజంగా తప్పే, దిద్దాల్సిందే. కానీ నిలబడ్డ బండిలో ఎర్త్ పట్టీ గుండా పెద్దగా పారేదేమీ ఉండదు, వారం, పది రోజుల తరవాత వచ్చే హెచ్చరికకు అది జవాబు కాదు. కనబడిన తప్పు, అడిగిన ప్రశ్న ఒకదానికొకటి అతుకుతాయో లేదో సరిచూసుకునే ఓపిక చదువుకున్నవాళ్ళలోనూ తక్కువే.

ఆ తరవాత జరిగిన పనిని చూసేవాడికి పనిలాగే కనిపించదు. బండిని నిద్ర పుచ్చాలి. ఈ రోజుల కార్లలో తాళం తీసినా లోపల చిన్న చిన్న కంప్యూటర్లు మెలకువగానే ఉంటాయి. ఒక్కొక్కటే పడుకుని, మొత్తం సద్దుమణగడానికి అరగంట పట్టొచ్చు. తలుపు తీస్తే మళ్ళీ అన్నీ లేస్తాయి. అందుకని తలుపు తెరిచే ఉంచి, దాని గొళ్ళెంలో స్క్రూడ్రైవరు నొక్కి, తలుపు వేసేసినట్టు బండిని నమ్మించాడు. రిమోటు తాళాన్ని దూరంగా టీ కొట్టులో పెట్టి రమ్మన్నాడు, దగ్గర ఉంటే బండి దాన్ని పసిగట్టి లేస్తుందట. బ్యాటరీ మైనసు తీగ విప్పి మధ్యలో మీటరు కలిపాడు. "ఇప్పుడు స్టార్టు చేసీకండి, మీటరు కాలిపోద్ది" అన్నాడు. ఆపై స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

అంత ఎదురుచూపులో మేస్టారు జేబులోంచి పెన్ను తీసి, టీ కొట్టు పేపరు మీద లెక్క వేశారు. కారు స్టార్ట్ కావడానికి సెల్ఫు మోటారు 150 ఆంపియర్ల దాకా లాగుతుంది, కానీ ఎంతసేపు? రెండు సెకన్లు. అది ఒక ఆంపియర్-గంటలో పన్నెండో వంతు. నిలబడి నిద్రపోయే కారు గడియారానికి, అలారానికి, రిమోటు వినడానికి 25 మిల్లీ ఆంపియర్లు వాడుతుందనుకుందాం, అది న్యాయమైన ఖర్చే. ఇరవై నాలుగు గంటలకు 0.6 ఆంపియర్-గంట. అంటే కారును ఊరికే ఒక రోజు నిలబెట్టిన ఖర్చుతో ఏడుసార్లు స్టార్ట్ చెయ్యొచ్చు. మేస్టారు ఆ అంకె కింద రెండు గీతలు గీశారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినాయన మొహంలో, జవాబు పుస్తకం చివరి పేజీతో కలిసినప్పటి తృప్తి కనిపించింది. "వాడకపోతే ఖర్చు లేదనుకున్నానోయ్" అన్నారు.

ఇది కారుకే పరిమితమైన భ్రమ కాదు. ఎన్నారైల ఇళ్ళు తాళాలు వేసి ఉంటాయి, ఎవరూ ఉండరు కాబట్టి ఖర్చు లేదనుకుంటారు. కప్పు కారుతుంది, చెదలు పడతాయి, మీటరు రీడింగు లేకపోయినా కరెంటు బిల్లు వస్తుంది. కదలడానికి ఎంతవుతుందో అందరం లెక్కేస్తాం. ఊరికే ఉండడానికి ఎంతవుతుందో ఎవరూ లెక్కెయ్యరు.

బ్యాటరీ జాతుల్లోనూ ఈ తేడా ఉంది. ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ మందపాటి పలకలతో, గంటల తరబడి కొద్దికొద్దిగా ఇవ్వడానికి పుట్టింది. కారు బ్యాటరీవి పలచని పలకలు, ఎక్కువ పలకలు. ఉన్న బలమంతా ఒక్క విసురులో చూపించి వెంటనే మళ్ళీ నింపించుకోవడానికి పుట్టింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మా వైపు చాలామంది కార్లలో సెల్‌ఫోన్లు ఛార్జింగు పెట్టుకున్నారు. ఆపదలో తప్పలేదు. కానీ నెమ్మదిగా రక్తం తీస్తే తట్టుకునే శరీరం కాదు దానిది. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో ఈ సీసపు బ్యాటరీని తయారుచేసినప్పుడు కార్లే లేవు. 1912 నాటి కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ కరెంటు సెల్ఫును అమర్చాకే దానికి ఈ ఉద్యోగం స్థిరపడింది. అంతకుముందు ఇంజనును చేత్తో తిప్పేవాళ్ళు. మన పాత అంబాసిడర్లకు కూడా ముందునుంచి హ్యాండిలు దూర్చి తిప్పే వీలుండేది. బ్యాటరీ చచ్చినా మనిషి బతికి ఉంటే చాలు, బండి కదిలేది. మా రాష్ట్రానికి ఈ వస్తువుతో చుట్టరికం తక్కువేం కాదు. గల్లా రామచంద్రనాయుడు 1985లో పెట్టిన అమరరాజా తిరుపతి దగ్గర కరకంబాడిలో ఇవే చేస్తుంది. విశాఖలో హిందుస్థాన్ జింక్ వాళ్ళు ఒకప్పుడు సీసమూ కరిగించేవారు. పాత బ్యాటరీని కొట్టువాడు వెనక్కి తీసుకోవాలని 2001లోనే నిబంధన పెట్టారు. ఆ సీసం కరిగి మళ్ళీ బ్యాటరీయే అవుతుంది. కాబట్టి మేస్టారి కారు అకారణంగా చంపిన రెండు బ్యాటరీలూ ఈపాటికి ఎక్కడో మళ్ళీ పుట్టే ఉంటాయి.

అరగంట దాటాక మీటరు 110 దగ్గర నిలబడింది. మిల్లీ ఆంపియర్లు. యాభై దాటితే అనుమానించాలంటారు. ఎనిమిది రోజులు అలా పోతే 21 ఆంపియర్-గంటలు. ఆ కారు బ్యాటరీ 35. హెచ్చరిక రాకపోతే వింత.

నేను ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతాడనుకున్నాను. పీకలేదు. పీకి పెడితే పడుకున్నవి మళ్ళీ లేస్తాయట. ప్రతి ఫ్యూజు నెత్తి మీద రెండు సన్నటి చుక్కల్లా లోహం బయటికి కనిపిస్తుంది. మీటరు మొనలు ఆ రెండు చుక్కల మీద ఆనించి, మిల్లీ వోల్టులు చూస్తూ వరసగా వెళ్ళాడు. కరెంటు పారని ఫ్యూజు మీద సున్నా. పారే చోట పదో వంతులో అంకె కదులుతుంది. అద్దాలు ముక్కు మీదికి దించుకుని, ఊపిరి బిగబట్టి, ఒక దాని దగ్గర ఆగాడు. ఆ ఫ్యూజు తీగ వెంట స్టీరింగు కిందికి చెయ్యి పోనిచ్చి, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద నల్లటి డబ్బా ఒకటి బయటికి లాగాడు. దాంట్లో పచ్చటి చుక్క దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది.

మేస్టారు గుర్తుపట్టారు. కిందటిసారి వచ్చినప్పుడు కొడుకు పెట్టించాడు. కారు ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో టెక్సాస్‌లో అతని ఫోనులో కనిపించడానికి. నాన్న ఒక్కడే వైజాగు బయల్దేరితే దిగులుండకూడదని. బండి ఆగినప్పుడు ఆ డబ్బా పడుకోవాలి. దాన్ని బిగించినవాడు తాళంతో పనిలేకుండా నేరుగా బ్యాటరీకి కలిపేశాడు కాబట్టి అది రాత్రంతా మేలుకుని, సిగ్నలు సరిగా అందని ఇనుప రేకుల మధ్యలోంచి, కారు ఇంకా అరుగు పక్కనే ఉందని అమెరికాకు కబురు పంపుతూనే ఉంది. పైగా మేస్టారి కంటే ముందు 'బ్యాటరీ తగ్గింది' అని కొడుక్కి ఫోనులో హెచ్చరిక పంపేదీ అదే. ఆ హెచ్చరిక చూసి కొడుకు కంగారుపడి, "నాన్నా, మంచి బ్యాటరీ వేయించండి, డబ్బు చూసుకోకండి" అనేవాడు.

నేను నవ్వాను. మేస్టారు నవ్వలేదు. "తీసెయ్యమంటారా?" అని అడిగాడు ఎలక్ట్రీషియను. ఆయన కాసేపు ఆలోచించి, "వద్దులే, వాడికి తెలియాలి కదా" అన్నారు. తాళం తిప్పితేనే మేలుకునేలా ఆ తీగను ఇంకో ఫ్యూజుకు మార్చాడు. మీటరు 24కు దిగింది.

ఇక డబ్బు సంగతి. మనకు వస్తువుకు ధర కట్టడం తెలుసు, కనిపెట్టినందుకు ధర కట్టడం తెలీదు. మా పల్లెల్లో ఆర్ఎంపీ డాక్టరు నాడి చూసి, నాలుక చూసి, "ఏం లేదు, రెండు రోజులు మజ్జిగ తాగు" అంటే పైసా ఇవ్వరు. సూది పొడిస్తే ఇస్తారు. అందుకని ఆయన సూది పొడుస్తాడు. బ్యాటరీ కొట్టువాడిదీ అదే ధర్మసంకటం. మధ్యాహ్నమంతా స్టూలు మీద కూర్చుని బండి నిద్రపోయేదాకా చూస్తానంటే ఎవరిస్తారు? కొత్త బ్యాటరీ అమ్మితే నలుగురూ ఆనందిస్తారు, పది నిమిషాల్లో పని తేలిపోతుంది. తప్పు ఎక్కడుందో వెతికేవాళ్ళు కరువయ్యారని మనం వాపోతాం కానీ, వాళ్ళు బతికే దారి మనం ఎప్పుడో మూసేశాం. మా ఎలక్ట్రీషియను ఇంకా వెతుకుతున్నాడంటే అది అతని సరదా. ట్రాక్టర్ల సెల్ఫు మోటార్లు అతనికి అన్నం పెడుతున్నాయి.

"ఎంతివ్వమంటావ్?" అన్నారు మేస్టారు. "ఏటేసినానండి డబ్బులుచ్చుకోడానికి, ఒగ్గీండి" అన్నాడు. మేస్టారు ఒప్పుకోలేదు. మూడొందలు చేతిలో పెట్టి, బిల్లు ఇమ్మన్నారు. కారు ఖర్చుల బిల్లులన్నీ ఫోటో తీసి కొడుక్కి పంపడం ఆయనకు అలవాటు. అతను బిల్లు పుస్తకం వెతికి తెచ్చాడు. వస్తువు, సంఖ్య, రేటు అని మూడు గళ్ళున్నాయి. మొదటి గడి దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చివరికి 'ఫ్యూజు – 1 – 300' అని రాసిచ్చాడు.

"ఫ్యూజేమీ వెయ్యలేదు కదయ్యా?" అన్నారు మేస్టారు.

"గడి కాళీగా ఉంటే బాగోదు కదండి."

మర్నాడు పొద్దున్నే మేస్టారి ఇంటి వైపు వెళ్తుంటే ఫోనులో కొడుకు గొంతు వీధిలోకి వినిపిస్తోంది. రెండు బ్యాటరీలకు మారుమాట్లాడకుండా డబ్బు పంపిన కొడుకు.

"ఫ్యూజుకి మూడొందలేంటి నాన్నా? మిమ్మల్ని మోసం చేస్తున్నారక్కడ."